మావయ్య గారి గుండె, నా అలక

ఆ రోజుల్లో మా గోదావరి జిల్లాల్లో గుండెజబ్బు అన్న మాటే ఎవరి నోటా వచ్చేది కాదు. ఛాతీలో ఏం జరిగినా దాని పేరు గ్యాసు, మందు పేరు సోడా. తొంభైల చివర్లో రామచంద్రపురం దగ్గర అత్తారింటికి కొత్తల్లుడిగా వెళ్ళినప్పుడు, మా మావయ్య గారు చేను చూపిస్తానని రోజూ నన్ను గట్టు మీద నడిపించేవారు. సగం దూరం వెళ్ళాక ఛాతీ మీద చెయ్యి వేసుకుని, పక్కవాళ్ళ కొబ్బరిచెట్టు కేసి తదేకంగా చూస్తూ నిలబడిపోయేవారు. కాసేపాగితే నొప్పి పోయేది. "గ్యాసండీ అల్లుడు గారూ, రాత్రి గారెలు ఎక్కువయ్యాయి," అని మళ్ళీ నడిచేవారు. నేను మాత్రం వెనకాల లెక్కలు వేసుకుంటూ నడిచేవాణ్ణి. ఆయన అక్కడే కూలబడితే ఆ భారీ మనిషిని నేనెలా మోసుకురాను? (అప్పట్లో గాలి గట్టిగా వీస్తే నేనే పక్క చేలో ఉండేవాణ్ణి.)

బతిమాలి బతిమాలి రాజమండ్రిలో డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాం. పరీక్షలన్నీ చూసి ఆయన నిదానంగా చెప్పారు. "ఇది గ్యాసు కాదండి. గుండెకి రక్తం తీసుకెళ్ళే నాళాల గోడలకి ఏళ్ళ తరబడి కొవ్వు పేరుకుని, గట్టిపడి, దారి సన్నబడిపోయింది. కూర్చుంటే ఆ కాస్త రక్తం సరిపోతుంది. నడిస్తే చాలక నొప్పి వస్తుంది. అక్కడ గడ్డ కట్టిందంటే దారి పూర్తిగా మూసుకుపోవచ్చు. వెంటనే హైదరాబాద్ వెళ్ళండి, ఆపరేషన్ అవసరం పడొచ్చు."

మావయ్య గారి మొహం వెలిగిపోయింది. "అంటే కాలవలో పూడికేనన్నమాట! అలా చెప్పండి మరి. దాళ్వా వరి కోతలై, వేసవిలో కాలవలకి నీళ్ళు కట్టేశాక తీయించేద్దాం. నీళ్ళు పారుతుండగా ఎవడైనా పూడిక తీస్తాడేంటండీ?"

"అప్పటిదాకా మీ గుండె ఆగుతుందని నేను మాటివ్వలేనండి," అన్నారు డాక్టరు గారు.

మావయ్య గారు వింటేనా! ఇంటికొచ్చాక అత్తయ్య గారు తలుపు చాటున ఏడుపు. "మీరు చెప్పండి, అల్లుడి మాట నాన్న తీసెయ్యరు," అని మా ఆవిడ పోరు. ఆయన ఎదురుపడితే "అవునండి" తప్ప ఇంకో మాట అనేవాణ్ణి కాదు, ఇంకేం చెప్పను? అప్పుడు తట్టింది అలక. పెళ్ళిలో అలకపాన్పు ఎక్కించి ఏం కావాలని అడిగితే, సిగ్గుతో "ఏం వద్దండి" అనేసిన వాణ్ణి నేను. (మా అమ్మ ఇప్పటికీ తలుచుకుని నొచ్చుకుంటుంది.) మర్నాడు మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే, గోడ వైపు తిరిగి మంచం మీద పడుకున్నాను.

ఇల్లంతా గగ్గోలు. "బండి కావాలేమో అడగండి," అంటున్నారు ఎవరో పిన్ని గారు. వంటింట్లోంచి కోడికూర వాసన. ఆకలేస్తే అల్లుడే లేస్తాడులే అని మావయ్య గారు చేలోకి వెళ్ళిపోతే? ఆ గట్టు మీదే ఏమైనా అయితే? కళ్ళు గట్టిగా మూసుకున్నాను. సాయంత్రానికి ఆయనే వచ్చి మంచం చివర కూర్చున్నారు.

"అడగండి అల్లుడు గారూ. బండా, ఉంగరమా?"

గట్టిగా చెప్దామనుకున్నాను. ఏడుపొచ్చేసింది. "మీరు కావాలండి. రేపే హైదరాబాద్ రావాలి."

ఆయన కిటికీలోంచి చేల కేసి చూశారు. "చేను పొట్ట మీదుందండి, రేపో మాపో కంకి వేస్తుంది," అన్నారు మెల్లిగా.

"నేను మెతుకు ముట్టనండి."

హైదరాబాద్‌లో ఆపరేషన్ రోజు పొద్దున్న, చక్రాల మంచం మీద పడుకోబెట్టి లోపలికి తోసుకెళ్తుంటే నన్ను చూసి చెయ్యెత్తి ఆపించారు. "టిఫినేమైనా తిన్నారా?"

"లేదండి."

"అదేంటండీ, వచ్చేశాను కదా! ఇంకా అలక తీరలేదా?" అన్నారు. తలుపులు మూసుకున్నాయి. కింద క్యాంటీన్లో ఇడ్లీ ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆయన ఎక్కడా ఆగకుండా గట్టు మీద నడిచారు, వెనకాల నేను రొప్పుతూ. ఇప్పుడు నాకూ ఆ వయసొచ్చింది, డాక్టరు నెయ్యి మాన్పించారు. అప్పుడప్పుడు ఆ కుర్రాడు గుర్తొస్తాడు. కోడికూర వాసనకి కళ్ళు గట్టిగా మూసుకుని, భయంతో బిగుసుకుపోయి పడుకున్న ఆ బక్కప్రాణిని లేపి, ఇంత ముద్ద కలిపి పెట్టాలనిపిస్తుంది.