మంఖాల్‌లో నేను తీయని ఫోటో

దయ్యాలంటే నాకు నవ్వు. పద్దెనిమిదేళ్లుగా శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో పేపరుకు ఫోటోలు తీస్తున్నాను. ప్రమాదాలు, శవాలు, శ్మశానాలు అన్నీ చూశాను. ఎక్కడా ఏమీ కనబడలేదు. ఇది చదివి నన్ను పిచ్చివాడనుకున్నా ఫర్వాలేదు. ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మా పనిలో ఒక పాడు అలవాటుంది. ఊళ్లోకి కెమెరాతో వెళ్తే అందరూ ఫోటో తీయమంటారు. తీస్తే పేపర్లో ఎందుకు రాలేదని నెలరోజులు ఫోన్లు చేస్తారు. అందుకని ఫ్లాష్ వెనక ఉండే చిన్న మీట నొక్కుతాం. వెలుగు వస్తుంది, ఫోటో పడదు. ఉత్త ఫ్లాష్ అంటాం దాన్ని. అడిగినవాళ్లు సంతోషంగా వెళ్లిపోతారు.

ఆ రోజు మంఖాల్‌లో కమ్యూనిటీ హాలుకు శంకుస్థాపన. నాయకుడు గడ్డపార పట్టుకున్న ఫోటో తీసుకుని బయల్దేరుతుంటే టెంటు కింద ఒక పెద్దావిడ ఆపింది. పేరు బాలమణి. ప్లాట్ల వెంచర్లో మొక్కలకు నీళ్లు పోసే పని.

"బిడ్డా, జర నా ఫోటో తియ్యరాదు. పేపర్ల వస్తే నా బిడ్డ చూస్తది. ఆరేండ్లాయె మాట్లాడక."

కూతురు తనకు నచ్చినవాణ్ని పెళ్లి చేసుకుని బుద్వేల్‌లో ఉంటోందట. బాలమణి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చెప్పులు విడిచి పక్కన పెట్టి, కొంగు సర్దుకుంది. నేను ఉత్త ఫ్లాష్ కొట్టాను.

"రేపు వస్తదా?"

"వస్తదమ్మా" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో! బండి ఎక్కేలోపే ఆవిణ్ని మరిచిపోయాను.

రెండు వారాల తర్వాత, పొద్దున పదింటికి, బస్టాండు దగ్గర మా ఆఫీసు గదికి ఒకామె వచ్చింది.

"మంఖాల్‌ల మా అమ్మ ఫోటో తీసింది నువ్వేనా అన్నా?"

ఫోటో ఎందుకు వేయలేదని గొడవకొచ్చిందనుకున్నాను. కాదు. ఆమె పేరు సరిత. బుద్వేల్‌లో టైలరు దుకాణంలో పని చేస్తుంది. దుకాణానికి వచ్చే మా పేపర్లో తల్లి ఫోటో చూసిందట.

"చూసినంక ఉండబుద్ధి కాలే అన్నా. ఆ పొద్దే ఇంటికి వోయిన. నాలుగు దినాలు అమ్మ పక్కల్నే పన్న. ఐదో దినం పానం వోయింది."

పర్సులోంచి పేపరు ముక్క తీసి నా చేతిలో పెట్టింది. ప్లాస్టిక్ కుర్చీలో బాలమణి. పక్కన చెప్పులు. ఫ్లాషుకు కొంచెం చికిలించిన కళ్లు. కింద నా పేరు.

శంకుస్థాపన మర్నాటి పేపరు గదిలోనే ఉంది. తీసి చూశాను. ముక్క వెనక ఉన్న ప్లాట్ల ప్రకటన మా పేపర్లోనూ అక్షరం పొల్లు పోకుండా అక్కడే ఉంది. ఇటు తిప్పితే, బాలమణి ఉండాల్సిన చోట గడ్డపారతో నాయకుడు.

"పెద్ద ఫోటో ఉంటే ఇయ్యి అన్నా, పెద్దకర్మకు ఫ్రేము కట్టియ్యాలె. ఆధార్ కార్డుల అమ్మ మొకమే తెలుస్తలేదు."

"కెమెరా కార్డు కరాబైందమ్మా" అన్నాను. సిగ్గులేకుండా రెండో అబద్ధం.

"ఏం గాదు తీ, స్టూడియోల దీన్నే పెద్దగ జేపిస్త" అంది. వెళ్తూ వెళ్తూ రెండు చేతులూ జోడించింది. "నువ్వు తియ్యకుంటే మా అమ్మను చూడకనే పోదును అన్నా." నేను తల దించుకున్నాను. నిజం చెప్పే ధైర్యం అప్పుడూ లేదు, ఇప్పటికీ లేదు.

ఆమె వెళ్లాక కార్డు, కంప్యూటరు అంతా వెతికాను. ఆ ఫోటో లేదు. పేపరు తయారుచేసే డెస్కులో అడిగితే ఎండదెబ్బ తగిలిందా అని నవ్వారు. పేపరు ఏజెంటు దగ్గర మిగిలిన ఆ రోజు కాపీలన్నీ తిరగేశాను. అన్నింట్లోనూ నాయకుడే.

పెద్దకర్మ రోజు మంఖాల్ వెళ్లాను. వాకిట్లోంచే ఫ్రేములో బాలమణి కనిపించింది, మెడలో దండతో. లోపలికి వెళ్లలేక వెనక్కి వచ్చేశాను.

అది ఎలా జరిగిందని నన్ను అడగకండి. ఆ ఫోటో ఎవరు తీశారో నాకు తెలియదు. నేను మాత్రం తీయలేదు. ఆ కూతురు ఇప్పటికీ నన్నే తలుచుకుని దండం పెట్టుకుంటోంది.