మా అన్నకు జమానతు నిలబడిన ఓనరమ్మ

మంగళవారం పొద్దున చిక్కడపల్లి నుంచి ఫోన్ వచ్చింది. మా ఓనరమ్మ పోయింది. "నిద్దర్లనే పోయింది అన్నా. మీ అన్నకు గూడ జర చెప్పు" అన్నాడు ఆమె కొడుకు. అన్నకు ఫోన్ చేసి చెప్పాను. అటువైపు టైల్స్ కోసే మిషన్ చప్పుడు ఆగిపోయింది.

నేను అశోక్‌నగర్‌లో కోచింగ్‌కు వెళ్ళే రోజుల్లో, మేమిద్దరం ఆమె ఇంటి పైగదిలో కిరాయికి ఉండేవాళ్ళం. ఆమెకు మెత్తగా మాట్లాడటం రాదు. మెట్ల మీద చెప్పులు విడిస్తే కసిరేది. నేను లైబ్రరీ నుంచి ఆకలితో వస్తే "తిన్నవా?" అని అడిగేది కాదు. "గిన్నె తే" అనేది.

ఒకసారి అన్న పని మీద సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఊరికి వెళ్ళాడు. అన్నీ డబ్బున్నవాళ్ళ బంగళాలే. ఒక బంగళాలో అన్న బాత్రూం టైల్స్ వేస్తుండగా ఆ ఇంటావిడ బంగారు గాజు కనిపించలేదు. పోలీసులు అన్నను పట్టుకుపోయారు. నాలుగో రోజు అన్న తరఫు వకీలు ఫోన్ చేశాడు. బెయిల్ వచ్చింది, కానీ సొంత ఇల్లున్నవాళ్ళెవరైనా జమానతు నిలబడాలి. రేపు సాయంత్రంలోగా కాకపోతే తర్వాత మూడు రోజులు కోర్టుకు సెలవు.

పాలమూరు దగ్గర మాకున్న రేకుల ఇంటికి కాయితాలే లేవు. ఫోన్ పట్టుకుని మెట్ల మీదే కూలబడ్డాను. పైన ట్యాంకు పొంగుతోంది. తిట్టుకుంటూ వచ్చిన ఓనరమ్మ నా ముఖం చూసి ఆగిపోయింది.

"ఏమైంది బిడ్డా?"

చెప్పాను. ఆమె మోటారు కట్టేసి లోపలికి వెళ్ళింది. కాసేపటికి కొడుకు గొంతు వినిపించింది. "ఆయన మళ్ళ కోర్టుకు రాకుంటే మనం పరేషాన్ అయితం అమ్మా. ఇంటి మీదికొస్తది."

"నీ అనుమానం నీకాడ పెట్టుకో. టికెట్లు చెయ్యి."

మర్నాడు మధ్యాహ్నానికి ఆ ఊరి కోర్టులో ఉన్నాం. ఇంటిపన్ను రసీదులో ఒక ఇంటి నంబరు, ఆధార్‌లో ఇంకో నంబరు ఉందని గుమాస్తా కాయితాలు వెనక్కి తోసేశాడు. గోడ గడియారం నాలుగు దాటింది. నేను బల్లకూ తలుపుకూ మధ్య అటూ ఇటూ తిరుగుతున్నాను.

"భయం కడుపుల పెట్టుకో, కాళ్ళల్లకు రానీయకు" అంది ఆమె నాతో. సంచీలోంచి కరెంటు బిల్లు తీసింది. "పాత నంబరు, కొత్త నంబరు రెండూ ఇందుల ఉన్నయి. చూడుండ్రి సార్."

జడ్జిగారు అడిగారు. "జైల్లో ఉన్న ఆ అబ్బాయి మీకేమవుతాడు?"

"మా ఇంట్ల కిరాయికుంటడు సార్."

"అంతేనా? పారిపోతే బాధ్యత మీదే. తెలుసా?"

"ఎరుకే సార్. మా వంటింట్ల బండలు ఆ పిలగాడే వేసిండు. ఒక్కటి జర వంకరొచ్చిందని, నేను చూడకముందే పీకి మళ్ళ వేసిండు. గసొంటోడు యాడికి పారిపోతడు?"

జడ్జిగారు ఆమెను ఒక్క క్షణం చూసి సంతకం పెట్టారు.

విడుదల కాయితంతో ఆటోలో జైలుకు పరుగెత్తాం. గేటు మూసే వేళకు అన్న బయటికొచ్చాడు. తలెత్తలేదు. "నేను తియ్యలేదమ్మా" అన్నాడు.

"నిన్ను అడిగిన్నా?" అంది.

కొన్ని నెలలకు ఆ గాజు ఆ ఇంట్లోనే, పరుపు కింద దొరికింది. కేసు కొట్టేశారు. ఓనరమ్మ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. నేను కృతజ్ఞత చెప్పబోతే ఏదో ఒక పని పురమాయించేది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నాకు మాత్రం అన్న విడుదలైన ఆ సాయంత్రమే కళ్ళ ముందుంది. బస్సుకు ఇంకా టైముంది. ఆమె అన్న మణికట్టు పట్టుకుని ఇసుకలోంచి నీళ్ళ దాకా తీసుకెళ్ళింది. "మొఖం కడుక్కో" అంది. అన్న మోకాళ్ళ లోతులో వంగి, దోసిళ్ళతో ముఖం మీద నీళ్ళు కొట్టుకుంటూ ఏడుస్తున్నాడు. ఆమె సముద్రం చూడటం అదే మొదటిసారి. అయినా దానికి వీపు పెట్టి, కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, మళ్ళీ పోలీసులెవరైనా వస్తారేమోనని రోడ్డు వైపే చూస్తూ నిలబడింది.