జడ్జిగారు నాకు వేసిన తొంభై మార్కులు

మా వీధి చివర సెలూన్ నడిపే ఆయన్ని అందరూ జడ్జిగారనే పిలుస్తారు. పాపం, కోర్టు గడప ఏనాడూ తొక్కలేదు. కానీ ఎవరైనా వచ్చి కుర్చీలో కూర్చుంటే చాలు, గడ్డం గీయడం పూర్తయ్యేలోగా వాళ్ళ తెలివికి మార్కులు వేసేస్తాడు. పైకి కబుర్లాడుతున్నట్టే ఉంటుంది. పరీక్ష అదే.

"చదువు సర్టిఫికెట్లో ఉంటుంది మాస్టారూ, తెలివి మాటలో ఉంటుంది. నాలుగు ముక్కలు మాట్లాడిస్తే ఎవడేపాటివాడో చెప్పేస్తా" అనేవాడు నాతో.

నేను లెక్కల మాస్టర్ని. పిల్లలకి మార్కులు వేసి వేసి ముసలివాణ్ణయ్యాను. ఆయన నాకు వేసినవి నూటికి తొంభై. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ తొంభైకి పొంగిపోయాను. అవి ఎలా వచ్చాయో కూడా గుర్తుంది. "సూర్యుడు ఏటేటా మనకి దగ్గరగా జరుగుతున్నాడు, అందుకే అందరికీ బట్టతలలు" అని ఆయనన్నాడు. నేను "ఊఁ" అన్నాను.

అదే మాటకి ఆయన కూతురు, మూలన తువ్వాళ్ళు మడతపెడుతూ, "మరి రోజంతా ఎండలో మేసే గొర్రెలకి అంత బొచ్చెందుకు నాన్నా?" అంది. ఆ పిల్లకి ముప్పై పడ్డాయి. పాసు మార్కులు కూడా కావు.

సెలూన్లో రెండో కుర్చీ వేసేదాకా ఇదంతా నవ్వులాటే. ఆ కుర్చీ కోసం కూతురు రెండేళ్ళుగా ఎదురుచూస్తోంది. పని చక్కగా నేర్చుకుంది, ఇరుగుపొరుగు పిల్లల తలలన్నీ ఆమె చేతి చలవే. జడ్జిగారి మనసేమో బావమరిది మీద ఉంది. అతను కత్తెర పట్టాడంటే కూర్చున్నవాడు చెవులు కాపాడుకోవాలి. అయితేనేం, బావగారు తానా అంటే తను తందానా అంటాడు. అతనికి తొంభై అయిదు.

ఆదివారం పొద్దున్న నేను బెంచీ మీద కూర్చుని ఉండగా జడ్జిగారు తీర్పు చెప్పేశాడు. "రెండో కుర్చీ మా బావమరిదికే మాస్టారూ. దీనికి చెయ్యి ఉంది గానీ బుర్ర లేదు. ప్రతిదానికీ ఎదురు ప్రశ్నే."

ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. నాకు కోపం వచ్చింది, దాన్ని మింగేశాను. ఆమె మాత్రం కాసేపటికి తేరుకుంది.

"సరేలే నాన్నా. నీ గడ్డం మాసింది, కూర్చో, నేను గీస్తా."

ఆయన కూర్చున్నాడు. ఆమె చెంపల నిండా నురగ పట్టించి, తల వెనక్కి వంచి, గొంతు మీద కత్తి ఆనించింది.

"సూర్యుడు దగ్గరికి రావట్లేదేమో నాన్నా?"

"ఊఁ."

"మామయ్య కంటే నా చెయ్యే నయం కదూ?"

"ఊఁ."

"కదలకు. అయితే రెండో కుర్చీ నాదేగా?"

జడ్జిగారి కళ్ళు అద్దంలోంచి నన్ను సాయం అడిగాయి. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను.

"ఊఁ."

ఆమె ముఖం తుడిచి, "భలే తెలివైనవాడివి నాన్నా, నూటికి నూరు" అంది.

జడ్జిగారు దిగ్గున లేచాడు. "ఇదేం న్యాయమే! పీక మీద కత్తి పెట్టి అడిగితే ఎవరైనా ఊఁ అనక ఏమంటారు?"

అనేసి ఆగిపోయాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. ఇరవై ఏళ్ళలో ఆ కుర్చీలో కూర్చున్న మేధావులందరూ కళ్ళ ముందు తిరిగినట్టున్నారు. మెల్లగా నా వైపు చూశాడు.

"మాస్టారూ, ఆ రోజు మీరు కూడా..."

ఆయన చేతులు ఖాళీగా ఉన్నాయని చూసుకుని చెప్పాను. "నాకూ గొర్రెలే గుర్తొచ్చాయండీ."

ఆయన మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు. చెంప తడుముకున్నాడు, గడ్డం కింద తడుముకున్నాడు. ఎక్కడా గాటు లేదు.

"కుర్చీ నీదేనమ్మా. ఇది నా అంతట నేను అంటున్న మాట" అన్నాడు చివరికి.

ఆ పిల్లకి కళ్ళనీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి, కాకపోతే నావి పోయిన తొంభై కోసం.