జూలీ కడుపు పండని కారణం

పట్టా చేతికొచ్చి నాలుగు నెలలైనా కాని ఆ రోజుల్లో, నాకు తెలియనిది ఏదీ లేదని గట్టిగా నమ్మేదాన్ని. తణుకు దగ్గర ఒక పల్లెలో పశువుల ఆసుపత్రికి నన్ను డాక్టరుగా వేశారు. (ఆడపిల్ల గేదెలకు సూది వేస్తుందట అని మొదటి వారం చూడ్డానికి వచ్చిన జనంలో సగం మందికి గేదెలే లేవు.) ఆవులూ గేదెలూ అయితే ఏదో నెట్టుకొచ్చేదాన్ని. కుక్కల సంగతి వేరు. కాలేజీలో ముప్ఫై మందిమి ఒక కుక్క చుట్టూ మూగితే, వెనక నిలబడ్డ నాకు కనిపించింది దాని తోక ఒక్కటే. అలాంటి నా దగ్గరికి ఒక ఉదయం ఆ ఊరి పెద్ద రైతుగారు తెల్లటి బొచ్చుకుక్కను చంకనెత్తుకుని వచ్చారు.

"దీని పేరు జూలీ అండి. మూడుసార్లు తణుకు తీసుకెళ్ళి మగకుక్కతో కలిపించామండి. కడుపు నిలవట్లేదు," అన్నారు. పిల్లలిస్తానని స్నేహితులందరికీ మాటిచ్చేశారట. ఈసారి కూడా నిలవకపోతే తన చేపల చెరువు కాపలావాడికి ఇచ్చేస్తానన్నారు. (ఆ పిడికెడు ప్రాణి ఏం కాపలా కాస్తుందో నాకు అర్థం కాలేదు.) ఆయన అటు తిరగ్గానే మా కాంపౌండరుగారు నా చెవిలో అసలు సంగతి చెప్పారు. ఆ కుక్క రైతుగారి తల్లి ప్రాణమట. భర్త పోయాక ఆవిడ దానితో తప్ప ఎవరితోనూ సరిగా మాట్లాడరట, అది తిననిదే తానూ తినరట. "దీన్ని పంపించేస్తే మామ్మగారు మంచం పడతారండి," అన్నారాయన.

సరే, ముందు వివరాలు రాసుకుందామని కాగితం తీశాను. "ఎదకు వచ్చిన ఎన్నో రోజున తీసుకెళ్ళారండీ?" అని అడిగాను. రైతుగారు పైన తిరుగుతున్న ఫ్యాను చూశారు. కాంపౌండరుగారు రిజిస్టరు చూసుకున్నారు. పెళ్ళికాని పిల్ల అలాంటి మాట అడిగితే ఇద్దరు పెద్దమనుషులు ఏం చేస్తారు పాపం. "అయ్యన్నీ మా అమ్మగారికి తెలుస్తాయండి," అని నసిగారు రైతుగారు. ఇక నాకు తోచిన పరీక్షలు మొదలుపెట్టాను. పొట్ట నొక్కితే గట్టిగా ఏదో తగిలి, గడ్డేమోనని కాగితం మీద రాసేసుకున్నాను. (మర్నాటికి అది పెరట్లో పడిపోయింది, ఉత్త మలబద్ధకం.) మైక్రోస్కోపులో చూస్తే నల్లగా, వంపుగా, పుస్తకంలో ఎక్కడా లేని క్రిమి కనిపించింది. కాంపౌండరుగారు కూడా చూసి, "మీ కనురెప్ప వెంట్రుకేమోనండి," అన్నారు. అదే. పుస్తకం తీస్తే ఆడకుక్కలకు పిల్లలు పుట్టకపోవడానికి రెండు పేజీల నిండా కారణాలున్నాయి. థైరాయిడ్ దగ్గర్నుంచి గర్భసంచిలో చీము దాకా అన్నీ జూలీకి ఉన్నట్టే అనిపించాయి. మగకుక్కలో లోపమేమో అనుకుందామంటే, తణుకులో దాని పిల్లలు నాలుగిళ్ళలో తిరుగుతున్నాయి. "గేదెలకిచ్చే ఇంజెక్షను సగం వేసేద్దామండి," అని కాంపౌండరుగారు సలహా ఇచ్చారు. ఒప్పుకునేదాన్నే గానీ కుక్కకు సగమంటే ఎంతో పుస్తకంలో లేదు. ఈసారి ఎదకు రాగానే కబురు చెయ్యండి అని చెప్పి బతికిపోయాను.

నెల తిరక్కుండానే కబురొచ్చింది. వెళ్ళేసరికి జూలీ ఇంట్లో లేదు, పశువుల పాకలో ఒక మూల గోనెపట్టా మీద ఉంది. పక్కన దానికో విడి పళ్ళెం. నాలుగు బారల దూరంలో పీట వేసుకుని కూర్చుని మామ్మగారు దానికి ఊళ్ళో కబుర్లు చెబుతున్నారు. ఇదేంటండీ ఇక్కడ కట్టేశారు అంటే, నా వంక వింతగా చూశారు.

"మూడో రోజమ్మా. రేపు పసుపు రాసి తలంటుతాను. ఎల్లుండి శుద్ధి అయ్యాక తణుకు పంపుతాం. మూడుసార్లూ అలాగే పంపాం, ఏ లోటూ చెయ్యలేదు."

పుస్తకంలో రెండో పేజీ చివరి పంక్తి నా కళ్ళ ముందు తిరిగింది: సరైన రోజున కలపకపోవడం. కుక్కలకు ఆ రక్తం మన లెక్క కాదనీ, అది మొదలైన తొమ్మిది పది రోజులకు రంగు పల్చబడుతుందనీ, పిల్లలు నిలిచే రోజులు ఆ తర్వాతే వస్తాయనీ తడబడుతూ చెప్పాను. ఐదో రోజంటే మరీ తొందర. ఆవిడ పీట నా వైపు జరుపుకున్నారు.

"అయితే దాని కడుపు పండకుండా నా చేతులారా నేనే చేశానంటావా?"

అన్నిటికీ సమాధానం తెలిసిన నేను పక్కనున్న ఆవును చూస్తూ నిలబడ్డాను. ఆ తర్వాత చెప్పాల్సింది ఇంకా కష్టం. రోజూ తెల్లగుడ్డతో తుడిచి రంగు చూడాలి, మగకుక్కను ఒప్పుకునే రోజు వస్తే తోక పక్కకు పెడుతుంది, అదీ కనిపెట్టాలి, దగ్గరుండి చూసేవాళ్ళు కావాలి. "ఈ రోజుల్లో దాన్ని నన్ను ముట్టుకోమంటావా?" అన్నారావిడ. "తప్పదండి మామ్మగారూ," అన్నాను. నన్ను తిట్టిపోస్తారనుకున్నాను. ఆవిడ లేచి వెళ్ళి తన పాత చీర చెంగు చింపుకొచ్చారు. అప్పట్నుంచి రోజుకు రెండుసార్లు జూలీని తుడవడం, ముట్టుకున్నందుకు తాను రెండుసార్లు తలస్నానం చెయ్యడం. పదకొండో రోజున "రంగు తేలిపోయింది, తోక పక్కకు పెడుతోంది" అని కబురు పంపారు. ఆ రోజు, మళ్ళీ పదమూడో రోజు తణుకు పంపించాం. రెండు నెలలకు నాలుగు పిల్లలు పుట్టాయి. రైతుగారు కోరుకొండ నరసింహస్వామి దయ అన్నారు. కాంపౌండరుగారు తన ఇంజెక్షను మహిమ అన్నారు. (అది వెయ్యనేలేదని ఎన్నిసార్లు చెప్పినా ఒప్పుకోలేదు.) చేపల చెరువు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

పిల్లల్ని చూడ్డానికి వెళ్తే మామ్మగారు పశువుల పాకలో అదే మూల వాటిని ఒళ్ళో పోసుకుని కూర్చున్నారు. "అన్నాళ్ళు ముట్టుకున్నాను, నాకేమీ కాలేదు," అన్నారు, నాతో కాదు, ఆ పాకతో అన్నట్టు. "మా అత్తగారు నన్ను ఈ మూలే కూర్చోబెట్టేవారు. నేను నా కోడల్ని కూర్చోబెట్టాను. వానాకాలం ఎన్ని జ్వరాలు పడిందో పిచ్చితల్లి." ఒక కుక్కపిల్లను నా చేతిలో పెడుతూ అడిగారు, "మీ ఇంట్లో ఎలాగమ్మా?"

"మా ఇంట్లో అలాంటివేం లేవండి," అన్నాను దర్జాగా.

ఆ శనివారం రాజమండ్రిలో మా ఇంటి గుమ్మం ఎక్కబోతుంటే అమ్మ నా మొహం చూసి, "ఎన్నో రోజే?" అంది. "రెండో రోజు," అన్నాను. మామ్మగారి పాకలో అంత ఉపన్యాసం ఇచ్చిన నోరు ఇంకో ముక్క పలకలేదు. పక్క సందులోంచి వెనక వసారాలోకి వెళ్ళి చాప వేసుకున్నాను. అమ్మ పళ్ళెం దూరంగా పెట్టి జరిపింది. నేను అందుకున్నాను. ఇప్పుడు అప్పటి ఆ పిల్ల డాక్టరును తలుచుకుంటే కోపం రాదు, జాలిగా నవ్వొస్తుంది. డెబ్బై ఏళ్ళావిడ పది రోజుల్లో చేసిన పనికి ఆ పిల్లకు ఇంకా పదేళ్ళు పట్టింది.