డొల్లగా పలికిన జవాబు

పిహెచ్‌డీలో చేరాలంటే ముందు ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలన్న రూలు ఎవరు పెట్టారో గాని, వాళ్ళ మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. నేను చెప్పేది సమాజశాస్త్రం. కోలారులో ఒక కాలేజీలో గెస్టు లెక్చరరుగా ఏళ్ళ తరబడి కన్నడలో పాఠాలు చెప్పాను. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడం, ఇదీ నా చదువు. ఇంగ్లీషంటారా, కేజీఎఫ్ బంగారు గనుల దగ్గర చాంపియన్ రీఫ్స్ కూలీల లైన్లలో పుట్టినవాళ్ళకు షిఫ్టు, షాఫ్టు, డ్రిల్లు లాంటి మాటలు తల్లిపాలతోనే వస్తాయి. మాటలు వస్తాయి, వాక్యం రాదు. పరీక్షలో వ్యాకరణం, పదాలు, చదివి జవాబు చెప్పడం అని మూడు భాగాలు. నేను రెండుసార్లు తప్పాను.

వ్యాకరణం బట్టీ కొట్టాను. పదాలూ అంతే. నన్ను ముంచింది మూడో భాగం. ఒక వ్యాసం ఇస్తారు, కింద ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులు. రెండోసారి రాసినప్పుడు టమాటా రైతుల మీద వ్యాసం వచ్చింది. అది చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. టమాటా గురించి కోలారు మనిషికి ఇంకొకరు చెప్పాలా? ధర పడిపోతే రైతు ఏం చేస్తాడని ప్రశ్న. రోడ్డు పక్కన పారబోస్తాడని టిక్కు పెట్టాను. బస్సులో పోతూ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. వ్యాసంలో మాత్రం కోల్డ్ స్టోరేజీలో దాచుకుంటాడని ఉందట. అట్లా ఆ వ్యాసం కింద ప్రశ్నలన్నీ నా అనుభవంతోనే తగలబెట్టుకున్నాను.

నాకు గైడుగా ఉంటానన్న ప్రొఫెసరమ్మ ఫోనులో తలంటింది. "నీకు తెలిసింది ఎవరడిగారమ్మా? అందులో ఏముందో అది చెప్పు చాలు," అంది. తర్వాత గొంతు తగ్గించి, తను వచ్చే ఏడాది రిటైరవుతున్నానని, తన దగ్గర మిగిలింది ఒకే సీటని చెప్పింది. ఈసారి తప్పితే నా సబ్జెక్టును ఇంకెవరూ ముట్టుకోరని కూడా చెప్పింది. అది నిజం. నేను రాయాలనుకున్నది మా లైన్లలో మగవాళ్ళ ఊపిరితిత్తులు తినేసిన దుమ్ము జబ్బు గురించి, దానికి ఆస్పత్రుల్లో పెట్టిన తప్పుడు పేర్ల గురించి. మొదట టీబీ అన్నారు, తర్వాత ఆస్తమా అన్నారు, ఏదీ కాకపోతే బీడీ దగ్గు అన్నారు.

ఆ జబ్బు మా ఇంట్లోనే ఉంది. మా నాయన గని మూసేసేదాకా లోపల డ్రిల్లు మిషను పట్టుకుని రాయికి బెజ్జాలు వేసిన మనిషి. చిత్తూరు వైపు పల్లె నుంచి మా తాత గనిలో పనికి వచ్చాడు, ఆయన వెనక మా నాయన దిగాడు. మా అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే. ఆయన జన్మలో బీడీ ముట్టలేదు. అయినా ఏ డాక్టరు దగ్గరకు పోయినా మొదటి ప్రశ్న అదే. బీడీ తాగుతావా? లేదంటే నమ్మరు. ఒకసారి ఒక డాక్టరు నవ్వి, అందరూ ఇట్లాగే చెప్తారన్నాడు. ఆ రోజు ఇంటికి వచ్చి గడప మీద కూర్చున్నాక మా నాయన అన్నాడు.

"నువ్వు చదివినదానివి గదా పాపా. ఇది బీడీది గాదని యాడన్నా ఒగ చోట రాయి. నాకింగేమీ వద్దు."

మూడోసారి పరీక్షకు కూర్చున్నది ఆ మాట కోసమే. పిహెచ్‌డీ ఉంటేనే నా ఉద్యోగం నిలిచేది, అదీ ముఖ్యమే, కాదని బుకాయించను. కాని ఆ మాటే లేకపోతే రెండోసారికే ఆ పుస్తకాలు పొయ్యిలో పెట్టేదాన్ని.

సాయంత్రాలు కాలేజీ నుంచి వచ్చి సంగటి గెలికి పెట్టి, వాకిట్లో ఆయన పక్కన కూర్చుని పాత ప్రశ్నపత్రాలు చదివేదాన్ని. ఆయనకు ఆక్సిజన్ మిషను గొట్టం ముక్కుకు ఉండేది, మిషను గడప లోపల గుర్రుమంటూ ఉండేది. గాలి లేచిందంటే, బంగారం తీసేశాక గనివాళ్ళు పారబోసిన సైనైడ్ దిబ్బల మన్ను వచ్చి పుస్తకం మీద, సంగటి గిన్నె మూత మీద పడేది. నేను వ్యాసం చదివి తెలుగులో అర్థం చెప్పేదాన్ని. ఆయన విని జవాబు చెప్పేవాడు. చెప్పి ఊరుకోడు గదా, వాదన పెట్టుకునేవాడు. తేనెటీగల మీద వ్యాసం చదివితే, "ఈ రాసినోడు ఎప్పుడన్నా తేనెతుట్టె దగ్గరికి పోయినాడా?" అనేవాడు.

"నీకు తెలిసింది కాదు నాయనా, దాంట్లో ఉండేదే చెప్పాల."

"దాంట్లో ఉండేది అబద్ధమైతే?"

"అబద్ధమైనా అదే రైటు."

"బాగుండాది మీ సదువు," అని దగ్గుతూ నవ్వేవాడు. ఆ నవ్వు దగ్గులోకి, దగ్గు ఆయాసంలోకి పోయేది. నేను పుస్తకం పక్కన పడేసి వీపు రాసేదాన్ని.

నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవడం నాకు ఎప్పుడూ తికమకే. దానికి ఆయన తన పని నుంచి ఒక ఉపాయం చెప్పాడు. గనిలో డ్రిల్లు పెట్టే ముందు గడ్డపారతో నెత్తి మీది రాయిని తట్టి చూస్తారట. గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల పగులుంటే డొల్లగా పలుకుతుంది. డొల్లగా పలికిన రాయి ఎప్పుడో ఒకప్పుడు కింద పడేదే.

"అట్ల నాలుగింటినీ తట్టి చూడు పాపా. డొల్లగా పలికినదాని కింద మాత్రం నిలబడాకు."

వినడానికి తమాషాగా ఉన్నా అది పనిచేసింది. పాత పత్రాల్లో నా మార్కులు పెరిగాయి. ఆయన ముఖంలో ఆ గర్వం చూడాలి. చుట్టుపక్కల ముసలివాళ్ళందరికీ, మా పాపకు ఇంగ్లీషు నేనే నేర్పిస్తా ఉండానని చెప్పుకున్నాడు. నాకు నవ్వొచ్చేది, సంతోషంగానూ ఉండేది.

పరీక్ష బెంగళూరులో. తెల్లవారుజాము రైలుబండి ఎక్కాను. కేజీఎఫ్ జనం సగం ఆ బండిలోనే కూలికి, కొలువుకు పోతారు. నా ఎదుట ఒకామె చిక్కుడుకాయలు గిల్లుతోంది, పక్కన మగవాళ్ళు తువ్వాలు పరిచి పేకాడుతున్నారు. నేను పదాలు నెమరేసుకుంటున్నాను. పక్కింటామెను మా నాయన దగ్గర కూర్చోబెట్టి వచ్చాను. కరెంటు పోతే పెద్ద సిలిండరుకు గొట్టం ఎట్లా మార్చాలో ఆమెకు చూపించాను. అయినా మనసంతా అక్కడే.

హాల్లో అందరూ నాకంటే చిన్నవాళ్ళు. కంప్యూటరు తెర మీద వ్యాకరణం వచ్చింది, పోయింది. పదాలు వచ్చాయి, పోయాయి. తర్వాత వ్యాసం తెరుచుకుంది. మొదటి వాక్యం చదివి, మళ్ళీ ఇంకోసారి చదివాను. అది గనుల గురించి.

ఏ ఊరో లేదు, ఏ దేశమో లేదు. పూర్వం గని కార్మికులు పొడి రాతిని డ్రిల్లు చేసేవారని, ఆ దుమ్ము పీల్చి ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయేవారని రాసి ఉంది. తర్వాత నీళ్ళు చిమ్మే డ్రిల్లు వచ్చింది. నీళ్ళకు దుమ్ము అణిగిపోయింది. దాంతో ఆ జబ్బు చరిత్రలో కలిసిపోయింది. చల్లగా, హాయిగా, ఒక్క మనిషి కూడా దగ్గకుండా సాగిపోయింది ఆ వ్యాసం.

మా నాయన పట్టుకున్నది నీళ్ళ డ్రిల్లే. చిన్నప్పుడు ఆయన బట్టలు దండెం మీద వేస్తే చుక్కలు చుక్కలుగా తెల్లటి నీళ్ళు కారేవి. ఆ గుడ్డలు ఎండితే అట్టలు కట్టేవి, అమ్మ దులిపితే పొగలా లేచేది. నీళ్ళ గొట్టం అందని మూలల్లో, నీళ్ళు రాని రోజుల్లో పొడి రాతికే డ్రిల్లు పెట్టేవాళ్ళమని ఆయనే చెప్పాడు. పని ఆపితే బాసు ఊరుకోడు.

ప్రశ్న వచ్చింది. ఈ వ్యాసం ప్రకారం, నీళ్ళ డ్రిల్లు వచ్చాక ఆ జబ్బు ఏమైంది? నాలుగు జవాబులు. పెరిగింది. కొనసాగింది. పూర్తిగా పోయింది. చెప్పలేము.

నేను తట్టి చూశాను. నిజంగానే ఒక్కొక్కదాన్నీ తట్టి చూశాను. మూడోది డొల్లగా పలికింది. పరీక్షకు కావలసిందీ అదే. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి ఆ తెరను బద్దలు కొట్టాలనిపించింది. కొనసాగింది అన్న జవాబు మీదికి బాణం గుర్తు తీసుకుపోయాను, వెనక్కి తెచ్చాను, మళ్ళీ తీసుకుపోయాను. టమాటాలు గుర్తొచ్చాయి. ప్రొఫెసరమ్మ ఒకే సీటు గుర్తొచ్చింది. ఒక్క చోట రాయమన్న మాట గుర్తొచ్చింది. ఆ మాట రాసే చోటికి పోవాలంటే ముందు దీన్ని దాటాలి. పూర్తిగా పోయింది అన్నదానికి టిక్కు పెట్టాను. పెట్టి కళ్ళు తుడుచుకుంటుంటే, పర్యవేక్షణకు ఉన్నాయన వచ్చి ఏదైనా సమస్యా మేడం అని అడిగాడు. ఏమీ లేదన్నాను.

ఇంటికి వచ్చేసరికి మా నాయన దిండుకు ఆనుకుని వాకిట్లోనే ఉన్నాడు. చెప్పులైనా విప్పనివ్వలేదు.

"ఏం పాఠం వచ్చినాది పాపా?"

టమాటాలనో తేనెటీగలనో చెప్పి తప్పించుకోవచ్చు. నాకు ఆయనతో అబద్ధం నోట రాదు. చెప్పాను, ప్రశ్న కూడా చెప్పాను. నాలుగు జవాబులూ వరసగా తెలుగులో చెప్పాను. ఆయన ముక్కు దగ్గర గొట్టం సర్దుకున్నాడు.

"ఏది పెట్టినావు?"

"పూర్తిగా పోయింది అని పెట్టినాను నాయనా."

"అట్లయితే నాకేమీ లేదన్నమాట," అని నవ్వాడు. ఆ నవ్వు ఎప్పటిలాగే దగ్గుగా మారింది. ఈసారి త్వరగా తగ్గలేదు. నేను వీపు రాస్తూ ఏడ్చాను. తగ్గాక ఆయన నా వైపు చూడకుండా అడిగాడు.

"తట్టి చూసినావా?"

"చూసినా."

"డొల్లగా పలికిందా?"

"పలికింది."

"తెలిసే నిలబడినావు దాని కింద." అందులో కోపం లేదు. "మేమూ నిలబడినాం లే. డొల్లగా పలికిందని చెప్పినా కానీ, బాసు వెనకాలే ఉండి, కానీయండి కానీయండి అనేవాడు. ఏం జేస్తాం. నిలబడే పని జేసినాం."

ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టనందుకు నాకు ఇంకా ఎక్కువ బాధేసింది.

ఫలితం వచ్చేనాటికి ఆయన కోలారు ఆస్పత్రిలో ఉన్నాడు. ఇంటి మిషను చాలడం లేదు. ఫోనులో చూశాను. పాసవడానికి కావలసిన మార్కుకు ఒక్క మార్కు పైన ఉన్నాను. ఆయన చెవి దగ్గర వంగి పాసయ్యాను నాయనా అన్నాను. ముఖానికి మాస్కు ఉంది, కళ్ళు నవ్వాయి. మాస్కు పక్కకు జరిపి అడిగాడు.

"ఆ ప్రశ్నకు ఎన్ని మార్కులు?"

"ఒకటి."

తల ఊపి కళ్ళు మూసుకున్నాడు. ఆ జవాబు పెట్టకపోయినా పాసయ్యేదాన్నే అన్న లెక్క ఆయనకు అర్థమైంది, నాకూ అర్థమైంది.

ఆయన పోయింది సీటు ఖాయమయ్యే లోపే, ఒక మధ్యాహ్నం. వార్డులో అందరూ అన్నాలు తింటున్న వేళ. ఆయాసం ఆగిపోయాక ఆ మంచం దగ్గర ఎంత నిశ్శబ్దంగా ఉందో చెప్పలేను. ఏళ్ళ తరబడి ఆ చప్పుడు లేకుండా నేను నిద్రపోయిందే లేదు. చావుకు కారణం రాసుకోవడానికి డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు వచ్చాడు. మర్యాదస్తుడే. కన్నడంలో మెల్లగా అడిగాడు.

"బీడీ అలవాటు ఉండేదా అమ్మా?"

"లేదు. గనిలో డ్రిల్లు పని. ఆ దుమ్ము వల్ల."

"నీళ్ళ డ్రిల్లే కదా అప్పటికే? అది వచ్చాక ఆ జబ్బు పోయిందమ్మా. మేము చదువుకున్నాం."

బస్సు కండక్టర్లతో, రేషన్ షాపువాళ్ళతో గొంతెత్తి పోట్లాడే దాన్ని నేను. ఈయనతో ఏ ముఖం పెట్టుకుని పోట్లాడను? అదే జవాబు నేనూ పెట్టి వచ్చాను. దానికి మార్కు కూడా పుచ్చుకున్నాను. మంచం మీద మా నాయన నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. తువ్వాలుతో దవడ కట్టి, అప్పుడు మాట్లాడాను.

"అది తప్పు డాక్టర్. పోలేదు."

ఆయన విసుక్కోలేదు, వెక్కిరించలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. "అలాగని ఎక్కడ రాసి ఉందమ్మా?"

"ఇంకా ఎక్కడా లేదు," అన్నాను.

ఆయన రాసుకోవలసింది రాసుకుని పక్క మంచం దగ్గరికి పోయాడు.