అత్తగారి సాక్ష్యం

మనోవర్తి కోసం నేను ఏలూరు కోర్టులో కేసు వేసినప్పుడు అందరూ నా మీద జాలిపడ్డారు, మా అత్తగారు తప్ప. ఆవిడకి జాలిపడడం చేతకాదు. "తిండి మానేసి తిరక్కమ్మాయ్. కళ్లు తిరిగి పడితే లాయరొచ్చి లేపుతాడా?" అని ఫోనులో కసిరేవారు.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారు ఇంకా కొట్టెయ్యని రోజులవి. మండవల్లి దగ్గర మా ఆయనకి చెరువులుండేవి, కాగితాల్లో మాత్రం ఎవరెవరివో పేర్లు. తాగొచ్చి చెయ్యి చేసుకుంటుంటే భరించలేక పాపని తీసుకుని తాడేపల్లిగూడెం వచ్చేశాను. జాకెట్లు కుట్టి అద్దె కట్టుకోగలిగాను గానీ పాప ఫీజు నా వల్ల కాలేదు. కట్టకపోతే పరీక్షకి రానివ్వం అన్నారు స్కూల్లో. కోర్టులో ఆయన బంగారు గొలుసు చొక్కాలోకి తోసుకుని, "నాకు చెరువుల్లేవండీ, గట్టు మీద కూలీనండీ" అన్నారు.

వాళ్లింట్లో ఒక ఆనవాయితీ ఉంది. సొంత చెరువులో చేపలు పట్టే పట్టుబడి రోజున మొదటి వలలో పడ్డ చేపని ఇంటి కోడలే కోసి వండాలి. లేకపోతే మళ్లీ వల నిండదని మా అత్తగారి నమ్మకం. నేను విడిగా వచ్చేశాక కూడా ఆవిడ మానలేదు. కొడుక్కి చెప్పకుండా బొచ్చె చేపని గోనెసంచిలో చుట్టి, వాసనకి కండక్టరు తిట్టే తిట్లన్నీ తింటూ గూడెం వచ్చేవారు. నేను పులుసు పెడితే కారియర్‌లో పట్టుకెళ్లేవారు. ఈ సంగతి మా లాయరుకి నేను చెప్పలేదు. పెద్దావిడని ఇరికించడానికి నాకు మనసొప్పలేదు.

చివరికి ఆవిడని ఇరికించింది కన్నకొడుకే. కూలీ అని చెప్పించడానికి తల్లిని సాక్షిగా తెచ్చారు. ఆవిడ తల దించుకుని ఆ మాట చెప్పేశారు కూడా. అంతటితో ఆపితే గెలిచేవారే. కానీ ఆయన లాయరు, "మీ కోడలు మిమ్మల్ని ఏనాడైనా చూసిందా అమ్మా?" అని అడిగారు.

ఆవిడ తలెత్తారు. "అంత మాట అనకండి బాబూ. మొన్న పట్టుబడికి కూడా చేప కోసి పులుసు పెట్టి, నాకు అన్నం పెట్టి మరీ పంపింది."

"ఎవరి చెరువమ్మా?" అని జడ్జిగారు అడిగారు.

"మాదేనండి. పైవాళ్ల చేపకి మా కోడలి చెయ్యెందుకండీ?"

నోరు జారారో, కావాలనే అన్నారో నేను ఏనాడూ అడగలేదు. ఏదైతేనేం, ఆ ఒక్క మాటతో నా బిడ్డ చదువు నిలబడింది. కన్నతల్లి కూడా నాకు అంత మేలు చెయ్యలేదు, ఆ మాట ఎక్కడైనా చెబుతాను.

బయటికొచ్చాక ఆయన మోటార్ సైకిల్ స్టార్ట్ చేసి, "నీ కోడలింటికే పో" అని తల్లిని అక్కడే వదిలేసి వెళ్లిపోయారు. బస్టాండులో ఆవిడ, "నన్ను మండవల్లి బస్సెక్కించమ్మాయ్, వాడి కోపం రేపటికి తగ్గుద్ది" అన్నారు. నేను గూడేనికి రెండు టికెట్లు తీశాను.

ఆ కోపం రేపటికీ తగ్గలేదు, ఏడాదికీ తగ్గలేదు. కేసు నేను గెలిచాను. అత్తగారు పోయేదాకా నా దగ్గరే ఉన్నారు. కోర్టు భయానికి ఆయన నెలనెలా తిట్టుకుంటూ కట్టిన మనోవర్తితోనే ఆయన తల్లికి కూడా అన్నం పెట్టాను. ఆ సంగతి ఆయనకి ఎవరం చెప్పలేదు.