కౌన్సిలరమ్మ చాట

తడిసిన గోనెసంచి వాసన ఎక్కడ తగిలినా నా ముక్కు ఊరుకోదు. దానికి తునికాకు వాసనను తనే కలుపుకుని, నన్ను తీసుకెళ్లి కోరుట్లలో మా పెద్దమ్మ వాకిట్లో కూర్చోబెడుతుంది. మొన్న కిరాణా కొట్టు ముందు వానకు నానిన సంచి దగ్గర అలాగే నిలబడిపోతే, ఏం కావాలమ్మా అని కొట్టతను అడుగుతూనే ఉన్నాడు.

మా అమ్మకు అక్క రాజవ్వ. పెదనాన్న దుబాయిలో ఉండేవాడు కాబట్టి, బడికి సెలవులొస్తే చాలు, అమ్మ నన్ను ఆమెకు తోడుగా పంపేది. పొద్దెక్కేసరికి వాడలోని ఆడవాళ్లంతా చాటలు ఒళ్లో పెట్టుకుని ఆమె వాకిట్లో చేరేవారు. తడి గోనెసంచిలో చుట్టిపెట్టిన బీడీ ఆకును తీసి, కత్తెరతో కత్తిరించి, చిటికెడు తంబాకు వేసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టేదాకా వాళ్ల వేళ్లది ఒక దారి, నోళ్లది ఒక దారి. కోడళ్ల మీద ఫిర్యాదులు, గల్ఫు ఫోన్ల ముచ్చట్లు, బబ్బెర గుడాలు, అంటే బొబ్బర్ల గుగ్గిళ్లు, ఉడుకుతున్న వాసన, తంబాకు ఘాటుకు నా తుమ్ములు, అన్నీ అక్కడే. నేను తుమ్మినప్పుడల్లా లచ్చవ్వ నవ్వి నా దోసిట్లో గుడాలు పోసేది. ఆమె వాడ చివరి ఇంటి ముసలామె, ఎవరూ లేని మనిషి. వంగిన నడుముతోనే దూరాన ఉన్న బోరింగు నుంచి నీళ్లు మోసుకునేది.

పెద్దమ్మ వాళ్ల వార్డు ఆడవాళ్లకు రిజర్వు అయినప్పుడు, ఈ వాకిటివాళ్లే పట్టుబట్టి పెద్దమ్మను నిలబెట్టి గెలిపించారట. కౌన్సిలరంటే ఏమిటో నాకు ఎంతకీ అంతుచిక్కేది కాదు. ఆమెకు కారు లేదు, ఇంటికి బోర్డు లేదు, కాళ్లకు అవే పాత చెప్పులు. ఒక్కటే తేడా కనిపించేది. మీటింగు ఉన్న రోజు ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని, చాట అక్కడే వదిలి మున్సిపాలిటీకి పోయేది. బీడీ కార్ఖానాకు ఇవ్వాల్సిన ఆమె వంతు తక్కువ పడకుండా మిగతావాళ్లు తలా కొన్ని బీడీలు చేసి ఆ చాటలో వేసేవారు. ఎవరింట్లోనైనా చావో పురుడో వస్తే ఆ వాకిట్లో చేసుకునే సాయమే అది. అందుకని, కౌన్సిలరంటే పక్కవాళ్లు బీడీలు చేసిపెట్టే మనిషి అని చాలాకాలం నమ్మాను.

ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి పెద్దమ్మ వాడకు నల్లా పని మంజూరు చేయించింది. పైపు కోసం తవ్విన కందకం వాడ సగం దాకా వచ్చింది. మేం పిల్లలం అందులో దాక్కుని ఆడుకుంటూ, లచ్చవ్వ ఇంటికి ఇంకా ఎంత దూరమో చూసి వచ్చి ఆమెకు చెప్పేవాళ్లం.

ఆ చలికాలమే తెలంగాణ కోసం ఊరంతా రోడ్డెక్కింది. బళ్లు బంద్, బస్సులు బంద్. జగిత్యాల పోయే పెద్ద రోడ్డు మీదే రాళ్ల పొయ్యిలు పెట్టి వంటావార్పు చేశారు. ఎప్పుడూ లారీలు పోయే చోట బాసింపట్టు వేసుకుని తిన్న ఆ పప్పుచారన్నం, పొగ వాసనతో సహా, ఇంకా నా నాలుక మీదే ఉంది. అక్కడే కొందరు యువకులు పెద్దమ్మ దగ్గరికి వచ్చారు.

"అక్కా, అందరు రాజీనామా చేస్తున్నరు. నువ్వు గూడ చెయ్యాలె."

పెద్దమ్మ చేతిలో గంటె ఆగిపోయింది. ఆమె దిగిపోతే నల్లా పని అడిగే దిక్కుండదని వాడలో అందరికీ తెలుసు.

"కుర్సి నా ఒక్కదానిది కాదు తమ్మీ. మా వాకిట్ల అడిగి చెప్త."

ఇంటికి వస్తూ నేను ఉండబట్టలేక అడిగాను.

"రాజీనామా అంటే ఏందే పెద్దమ్మా?"

"కుర్సి ఇడిశిపెట్టుడు బిడ్డా."

"మరి నీ కుర్సి యాడున్నది?"



మర్నాడు వాకిట్లో ఆమె విషయం చెప్పగానే అందరి వేళ్లూ ఆగాయి. అలా ఆగడం నేను చూడటం అదే మొదలు. అందరూ లచ్చవ్వ వైపే చూశారు. ఆమె మాత్రం కత్తెర ఆపలేదు.

"ఇన్నొద్దులు మోసిన, ఇంక గిన్నొద్దులు మోస్త. నీళ్లు మోసుడు నాకు కొత్తనా? పోరగాండ్లు తెలంగాణ కోసం పానాలు తీసుకుంటున్నరు, మనం నల్లా ఇడువలేమా? రాసియ్యి రాజవ్వా."

పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ మధ్యాహ్నమే మున్సిపాలిటీకి పోయి రాసిచ్చి వచ్చింది.

అప్పటినుంచి లచ్చవ్వ బిందె ఎత్తుకోగానే పెద్దమ్మ ఆమె చాటను తన ఒళ్లోకి లాక్కుని, ఆమె వచ్చేదాకా ఆమె బీడీలు చేసేది. అది చూసి, ఇప్పుడు లచ్చవ్వ కౌన్సిలర్ అయిందనుకున్నాను.

కందకం వానలకు పూడిపోయింది. రాష్ట్రం వచ్చింది. ఎన్నికలొస్తే పార్టీ టికెట్టు ఇంకెవరికో ఇచ్చారు. ఎందుకివ్వలేదని నేను కోపంగా అడిగితే, "యాదికి రాలే కావచ్చు తీయ్" అంది పెద్దమ్మ. చాలా ఏళ్లకు నల్లాలూ వచ్చాయి. అప్పటికి లచ్చవ్వ లేదు.

ఆ సంచి వాసన పట్టుకునే మొన్న కోరుట్ల బస్సెక్కాను. వాకిట్లో గచ్చు చేశారు. చాటలు లేవు, ఆకు వాసన లేదు, ఆ నవ్వులు అంతకన్నా లేవు. ఇంటింటికీ నల్లా ఉంది కాబట్టి ఎవరి నీళ్లు వాళ్ల గడపలోనే. లచ్చవ్వ ఇంటికి తాళం, గోడ పక్కన నల్లా మాత్రం ఉంది. నీళ్లొచ్చే వేళకు పెద్దమ్మ తన ఇంటి నల్లా వదిలేసి, బిందె చంకన పెట్టుకుని వాడ చివరిదాకా నడిచింది. రోజూ అంతేనట. లచ్చవ్వ నల్లా కింద బిందె నిండాక నేను అందుకోబోతే ఇవ్వలేదు.

"ఉండనీ బిడ్డా, నేనే మోస్త," అంది.